గవర్నర్ కాదంటే అసెంబ్లీ ఏం చేయగలదు?

అసెంబ్లీలో బిల్లు పాసైతే చట్టం అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. దిశ బిల్లు సంగతి చూస్తే అలా కాదని తెలుస్తుంది. 2019 డిసెంబర్ 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆ బిల్లును ఆమోదించింది. అప్పటి స్పీకర్ శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ఎమ్మెల్యే తమ్మినేని సీతారాం. తగిన ఆధారాలున్న అత్యాచార కేసుల్లో 21 పనిదినాల్లో దర్యాప్తు, విచారణ ముగించి మరణశిక్ష దాకా వేయాలన్నది అందులోని ముఖ్యాంశం. దిశ పేరుతో పోలీస్ స్టేషన్లు వచ్చాయి, యాప్ వచ్చింది. చట్టం మాత్రం రాలేదు.

ఎందుకలా జరిగింది?

రాజ్యాంగం 200వ అధికరణ ప్రకారం సభలు ఆమోదించిన బిల్లు గవర్నర్ దగ్గరికి వెళ్తుంది. ఆయన సంతకం చేయవచ్చు, మళ్లీ ఆలోచించమని వెనక్కి పంపవచ్చు, లేదా రాష్ట్రపతి పరిశీలనకు పంపవచ్చు. ద్రవ్య బిల్లును మాత్రం వెనక్కి పంపే వీల్లేదు.

వెనక్కి పంపితే అసెంబ్లీదే పైచేయి

తిరిగొచ్చిన బిల్లును సభ మార్పులతోనైనా, ఉన్నదున్నట్టుగానైనా మళ్లీ పాస్ చేస్తే గవర్నర్ ఇక ఆమోదం నిరాకరించకూడదు. అమెరికాలో అధ్యక్షుడి వీటోను కాదనాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. ఇక్కడ మామూలు మెజారిటీ చాలు. 175 మంది ఉన్న ఏపీ అసెంబ్లీలో అందరూ హాజరై ఓటేసినా 88 ఓట్లు సరిపోతాయి. తెలంగాణలో అప్పటి గవర్నర్ తమిళిసై తిప్పి పంపిన మున్సిపల్, ప్రైవేటు యూనివర్సిటీల సవరణ బిల్లులను 2023 ఆగస్టులో సభ మళ్లీ ఆమోదించింది.

అయితే ఎన్ని రోజుల్లో తేల్చాలన్నది రాజ్యాంగంలో లేదు. కోర్టులు గడువు పెట్టలేవని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కానీ బిల్లును వెనక్కి పంపకుండా ఊరికే ఆపేసే హక్కు గవర్నర్‌కు లేదని కూడా స్పష్టం చేసింది. కారణం చెప్పకుండా ఏళ్ల తరబడి తొక్కిపెడితే, ఏదో ఒకటి తేల్చమని కోర్టు ఆదేశించవచ్చు.

ఢిల్లీకి వెళ్తే కథ వేరు

క్రిమినల్ చట్టాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. కేంద్ర చట్టానికి భిన్నంగా రాష్ట్రం చట్టం చేస్తే, అది నిలబడాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. దిశ అక్కడే ఆగింది. తెలంగాణలో బీసీ-ఈ ముస్లింల రిజర్వేషన్‌ను 4 నుంచి 12 శాతానికి పెంచుతూ 2017 ఏప్రిల్‌లో పాసైన బిల్లుదీ అదే గతి.

201వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి వెనక్కి పంపిస్తే సభ ఆరు నెలల్లో పునఃపరిశీలించాలి. కానీ మళ్లీ పాస్ చేసి పంపినా రాష్ట్రపతి ఒప్పుకోవాలన్న నిబంధన లేదు. అక్కడ అసెంబ్లీ మెజారిటీ ఎంతున్నా లాభం లేదు.

అందుకే "అసెంబ్లీలో పాస్ చేశాం" అని నాయకులు చెప్పినప్పుడు జనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: బిల్లు గవర్నర్ దగ్గరుందా, ఢిల్లీలో ఉందా? గవర్నర్ తిప్పి పంపితే సభ చేతిలో మందు ఉంది. ఢిల్లీలో ఉంటే కేంద్రాన్ని ఒప్పించుకోవడం ఒక్కటే దారి.