పాత కంప్యూటరు కొత్తదానిలో లేవనిచో

ఫోరస్ రోడ్డు చాల్ గదిలో మన సంఘ సభ్యుల పొదుపు లెక్కలన్నియు పాత విండోస్ ఎక్స్.పి. కంప్యూటరులో నుండెను. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్.పి.కి మరమ్మతులు నిలిచిపోయినవి. యంత్రము చెడకమునుపే దాని డిస్కునకు నకలు తీసి, కొత్త కంప్యూటరులో వర్చువల్ మెషీనుగా నడుపబోయితిమి. నీలి తెరపై ‘7బి’ అను తప్పు వచ్చి ఆగిపోయినది.

లెక్కలు చెడలేదు. పడుగు బాగున్నను, తగిన పన్నె లేనిచో నేత సాగదు గదా! ఎక్స్.పి. లేచునప్పుడు తానెరిగిన డిస్కు కంట్రోలరునకే డ్రైవరును పిలుచును. వర్చువల్ మెషీనులో కంట్రోలరు వేరు. కనుక తన డిస్కు తనకే దొరకదు.

మొదట, వర్చువల్ మెషీను అమరికలలో డిస్కును సాటా లేక స్కజీ నుండి ఐ.డి.ఇ.కి మార్చవలెను. అప్పటికిని లేవనిచో, పాత యంత్రమున డివైస్ మేనేజరు తెరచి, ఐ.డి.ఇ. కంట్రోలరునకు విండోస్‌తో వచ్చు సాధారణ డ్రైవరును పెట్టి, మరల నకలు తీయవలెను. మాకు ఈ రెండవ విధముననే లేచినది.

కావున పాత యంత్రమును తొందరపడి అమ్మరాదు. మొదటి నకలు భద్రపరచి, రెండవదానిపై ప్రయోగింపుడు. లేచిన ఎక్స్.పి.ని ఇంటర్నెట్టునకు కలుపకుడు. ప్రతి ఖాతాను చేతిపుస్తకముతో సరిచూచిన పిమ్మటనే పని ముగిసినట్లు.