వాల్వునకు, స్పీకరునకు నడుమ

పాటను, మాటను బిగ్గరగా వినిపించు యంత్రమును ఆంప్లిఫయరందురు. నేడు పెక్కు ఆంప్లిఫయరులలో ట్రాన్సిస్టరులే పనిచేయుచున్నవి. అయినను గాజు వాల్వులతో నిర్మించిన వాని నాదమును మెచ్చువారు ఇప్పటికిని కలరు. గిటారు వాయించువారిలో పలువురు వానినే కోరుదురు. అట్టి యంత్రములో వాల్వులకును స్పీకరునకును నడుమ, ఇనుపరేకుల దొంతరయు రాగితీగల చుట్టలును గల బరువైన వస్తువొకటి ఉండును. అదియే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు.

దీని అవసరమేమి? వాల్వులలో వోల్టేజి హెచ్చు, విద్యుత్ప్రవాహము స్వల్పము. స్పీకరునకు కావలసినది తక్కువ వోల్టేజి, హెచ్చు ప్రవాహము. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటయే ట్రాన్స్‌ఫార్మరు పని. వాల్వుల వైపుననున్నది ప్రాథమిక తీగచుట్ట; స్పీకరు వైపుననున్నది గౌణ తీగచుట్ట. మొదటిదానిలో రెండవదానికంటె 25 రెట్లు చుట్లున్నవనుకొందము. 25 యొక్క వర్గము 625. స్పీకరు అవరోధము 16 ఓములైనచో, అది వాల్వులకు 16ను 625చే గుణింపగా వచ్చు 10,000 ఓములవలె తోచును. అదే చోట 8 ఓముల స్పీకరును తగిలించిన, వాల్వులకు 5,000 ఓములే తోచును. అపుడు వానిపై భారము మారి ధ్వని చెడును. అందుచేతనే గౌణ చుట్టనుండి వెలువడు తీగలకు 4, 8, 16 అని గుర్తులుంచుదురు. స్పీకరుపైనున్న అంకెకు సరిపోవు తీగనే కలుపవలెను.

పెద్ద ఆంప్లిఫయరులలో రెండు వాల్వులు జతగా పనిచేయును. రంపమునకు ఇరువైపుల నిలిచిన కోతగాండ్రవలె, ఒకటి లాగునపుడు రెండవది సడలించును. ప్రాథమిక చుట్ట రెండు కొనలను ఈ వాల్వుల ఆనోడులకు కలిపి, నడిమి తీగను విద్యుత్సరఫరా యొక్క ధనధ్రువమునకు కలుపుదురు. ఇట్లు చేయుటచే రెండు వాల్వుల నిలుకడ ప్రవాహములు చుట్టలో ఎదురెదురుగా సాగి, ఇనుములో కలిగించు అయస్కాంతత్వమును పరస్పరము రద్దు చేసికొనును.

ఇంకొక తీగ విషయమున మిక్కిలి జాగరూకత అవసరము. 1927 ఆగస్టులో హెరాల్డ్ బ్లాక్ అను అమెరికా ఇంజనీరు, పనికి పోవుచు పడవపై హడ్సన్ నదిని దాటునపుడు, చేతనున్న వార్తాపత్రికపైననే ఒక ఉపాయమును గీచుకొనెను. వెలువడిన ధ్వనిసంకేతములో కొంత భాగమును వెనుకకు పంపి, వచ్చుచున్న సంకేతమునకు ఎదురుగా కలిపినచో, యంత్రము తన దోషములను తానే తగ్గించుకొనును. దీనిని ఋణ ఫీడ్‌బ్యాక్ అందురు. 1947లో డి. టి. ఎన్. విలియంసన్ ఇంగ్లండులోని ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ప్రకటించిన ప్రసిద్ధ ఆంప్లిఫయరులో, ఈ తీగ ట్రాన్స్‌ఫార్మరు గౌణ చుట్టనుండియే మొదటి వాల్వునకు పోవును. అందుచే ట్రాన్స్‌ఫార్మరు దోషములును తగ్గును.

అయితే చుట్ట కొనలు తారుమారైనచో, ఎదురు నిలువవలసిన సంకేతము తోడై నిలుచును. ధ్వని ధ్వనిని పెంచగా స్పీకరు కూతపెట్టును. అది చెడిపోవచ్చును కూడ. అట్టియెడ వెంటనే యంత్రమును ఆపి, ఆనోడులకు కలిపిన రెండు తీగలను ఒకదాని స్థానమున ఒకటి మార్చవలెను. లేదా గౌణ చుట్ట కొనలను మార్చవలెను. రెండు వైపులను మార్చినచో దోషము మరల మొదటికే వచ్చును.

స్పీకరు తగిలింపక ఇట్టి యంత్రమును నడపరాదు. శక్తికి పోవు దారి లేకపోగా, ప్రాథమిక చుట్టలో వోల్టేజి మితిమీరి పెరిగి, తీగలపై నున్న పూత భేదింపబడవచ్చును. మరియు విలియంసన్ యంత్రములో సరఫరా వోల్టేజి సుమారు 450 వోల్టులు, అది ప్రాణాంతకము. విద్యుత్తును ఆపిన పిమ్మటను కండెన్సరులలో అది కొంతకాలము నిలిచియుండును. కావున ఈ పని ఎరిగినవారికే తగును. బాలురు దానిలో చేయిపెట్టరాదు.

చూచుటకు ఈ తీగలన్నియు ఒక్కతీరుననే యుండును. తప్పును దిద్దుటకై ఏర్పరచిన తీగయే, కొన మారినంతమాత్రమున తప్పును పెంచును. కావున నేర్పరియైన పనివాడు ప్రతి తీగను గుర్తించి, పటముతో సరిచూచుకొని, పిమ్మటనే కలుపును.