మీకు తెలుసా? గోడ కొసకూ ఓ గుట్టుంది!

కర్ణాటకలోని సుగటూరులో "థర్టీ ఫార్టీ సైటు" అంటే పిల్లాడైనా చెబుతాడు. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. మరి ఈ మూల నుంచి ఆ మూలకు టేపు లాగి చూశారా? సరిగ్గా 50 అడుగులు! ఒక్క అంగుళం ఎక్కువ కాదు, తక్కువ కాదు! ముగ్గు పోసే ముందు మేస్త్రీ చూసుకునేది ఈ లెక్కే.

టేపు 51 చూపించిందా? సైటు క్రాసు పోయినట్టే! టేపుకు ఎదురుగా ఉన్న మూల 90 కాదు, 92.4 డిగ్రీలు! మిగతా రెండు మూలల మధ్య కొలవండి, 49 దగ్గర ఆగిపోతుంది! ఇక 92.4 డిగ్రీల మూలలో రెండు గోడలు కలిసేచోట కొసలను 46.2 డిగ్రీల్లో కోయాలి. ముందు వెనుకల వెడల్పు ఒకేలా లేని గోముఖి, సింహముఖి సైట్లకూ ఈ తిప్పలు తప్పవు.

  

ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చోండి. ఇళ్ల నమూనాలు గీసే రెవిట్‌లో ఒక గోడ లాగండి. కొస ఎలా వచ్చింది? నిక్కచ్చిగా 90 డిగ్రీలు! ఏటవాలుగా కావాలా? "ప్రొఫైల్" మార్చి చూడండి. గోడ ఎదురు రూపం మారుతుంది గానీ, పైనుంచి చూసే ప్లానులో కొస కదలదు! వేల రూపాల్ని గీసే సాఫ్ట్‌వేర్‌కు ఇంత మొండితనమా!

దీనికో దొంగదారి ఉంది, దగ్గరికి రండి! ఆ కొసకు ఇంకో గోడను తగిలించండి. కలిసే తీరులు 3 ఉంటాయి. అందులో "మైటర్" నొక్కండి. రెండు కొసలూ చెరిసగం కోసుకుని అతుక్కుంటాయి! సరే, పని అయిందని రెండో గోడను తీసేశారా? మొదటి గోడ టక్కున మళ్లీ చదరంగా మారిపోతుంది! అందుకే ఒంటరి గోడకైతే "వాయిడ్" అనే ఖాళీ దిమ్మెను గుచ్చి, అడ్డొచ్చిన ముక్కను తొలిచేస్తారు. కనబడని దిమ్మెతో కనబడే గోడను కోయడమన్నమాట!

మిగతా సాఫ్ట్‌వేర్‌లు ఊరుకుంటాయా? ఆర్కికాడ్‌లో గోడను ఎన్ని మూలలతోనైనా గీయొచ్చు, కొస మీ ఇష్టం! ఆటోకాడ్ ఆర్కిటెక్చర్‌లోనైతే కొసకు విడిగా ఓ టోపీయే కుట్టిపెట్టొచ్చు! ఇంకో తమాషా. ఆర్కికాడ్ చేసే హంగరీ సంస్థ, ఆటోకాడ్ చేసే అమెరికా సంస్థ పుట్టింది ఒకే ఏడాది, 1982లో!

మౌస్ లేని కాలంలో? రామప్ప గుడికి వెళ్లండి. గుడిని మోస్తున్న నక్షత్రపు అరుగు చుట్టూ తిరగండి. అన్నీ మెలికలే, అన్నీ మూలలే! ఆ గుడి శాసనం చెప్పే ఏడు 1213!

ఇది వింటే నోరు తెరుస్తారు. తొమ్మిదంగుళాల గోడ. తిన్నగా కోస్తే కోత పొడవు 9 అంగుళాలే. 45 డిగ్రీల్లో కోయండి, దాదాపు 13! 30 డిగ్రీల్లో, 18! 15 డిగ్రీలకు దించండి... దాదాపు 35 అంగుళాలు! మూడడుగులకు ఒక్క అంగుళం తక్కువ! గోడ మందం మాత్రం అదే! తెర మీద ఆ మొన కత్తిలా మెరుస్తుంది. ఇటుకతో కట్టబోతే? విరిగి చేతిలోకొస్తుంది! అందుకే తెలిసిన మేస్త్రీ మొనను కాస్త మొద్దు చేసి వదిలేస్తాడు. నన్నడిగితే కంప్యూటర్‌లోనూ అలాగే గీయాలి.

అసలైన గుట్టు ఆఖరికి దాచాను! కొసను ఏ కోణంలో కోసినా గోడకు పట్టే ఇటుక పని మారదు! ఒక వైపు ఎంత పెరుగుతుందో, రెండో వైపు అంతే తరుగుతుంది! నడిమి గీత మీద 30 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న తొమ్మిదంగుళాల గోడ తీసుకోండి. చదరంగా కోసినా 225 ఘనపుటడుగులే. వాలుగా కోసినా 225 ఘనపుటడుగులే! షరతు ఒక్కటే, టేపు గోడ అంచున కాదు, నడిమి గీత మీద పట్టాలి!