గురివింద గింజ లోపల

వామనగుంటలు ఆడుతుండగా మూడేళ్ల మనవడు గురివింద గింజ మింగేశాడట. మర్నాడు అది చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. "విషమంటారు కదా, వాడికేం కాలేదేం?" అని ఒక పాఠకురాలు రాశారు. ఇలాంటి ప్రశ్న వచ్చాక ఈ నెల రాద్దామనుకున్న తోకచుక్కను పక్కన పెట్టక తప్పలేదు.

పిల్లవాణ్ణి కాపాడింది పెంకు. కంసాలి త్రాసులో తూకంగా వాడినంత గట్టిది. కడుపులోని రసాలకు లొంగదు. కొరికినా, నలిపినా, దండ కోసం బెజ్జం పెట్టినా మాత్రం లోపలి విషం అబ్రిన్‌కు దారి దొరుకుతుంది.

అబ్రిన్ రెండు ముక్కల ప్రొటీన్. ఒక ముక్క కణం పైనున్న చక్కెర గొలుసుల్ని పట్టుకుని వేలాడుతుంది. కణమే దాన్ని లోపలికి లాక్కుంటుంది. అక్కడ జంట విడిపోతుంది. రెండో ముక్క నేరుగా రైబోజోమ్ మీద, అంటే ప్రొటీన్లు అల్లే మగ్గం మీద పడుతుంది. అందులోని పెద్ద ఆర్‌ఎన్‌ఏ పోగులో వేల అక్షరాలుంటే, ఒకే ఒక్క అడినైన్‌ను ఊడబెరుకుతుంది. పోగు తెగదు, మగ్గం మాత్రం ఆగిపోతుంది. తాను అరగదు కనుక ఇంకో రైబోజోమ్, ఆ తర్వాత ఇంకోటి! ఆముదపు గింజలోని రైసిన్‌దీ ఇదే పని. దాన్ని పరీక్షించే 1987లో జపాన్‌కు చెందిన యయేటా ఎండో ఆ ఊడే అక్షరాన్ని పట్టుకున్నాడు. కణాలు ఉన్న సరుకుతో కొంతసేపు నెట్టుకొస్తాయి కాబట్టే వాంతులు, నెత్తురు విరేచనాలు గంటలు గడిచాక, ఒక్కోసారి మర్నాటికి గానీ మొదలుకావు.

దీన్ని సూక్ష్మజీవి అనుకున్న మహానుభావులూ ఉన్నారు. 1882లో పారిస్ కంటివైద్యుడు ద వెకర్ ట్రకోమాకు గురివింద కషాయం పోసి కళ్లు వాచేలా చేసేవాడు, ఆ వాపుతో జబ్బు పోతుందని. కషాయంలో బాసిల్లస్ కనబడగానే జర్మన్ ప్రొఫెసర్ సాట్లర్ వాపుకు అదే కారణమన్నాడు. కాఖ్ క్షయ క్రిమిని చూపించిన రోజులవి, ఎక్కడ చూసినా క్రిములే! 1884లో కలకత్తాలో వార్డెన్, వాడెల్ అది క్రిమి కాదు, ప్రొటీన్ అని తేల్చారు. మన కంచెల మీద పాకే తీగ గుట్టు మన దేశంలోనే తేలిందన్నమాట. పాఠ్యపుస్తకాల్లో వాళ్ల పేర్లు వెతికినా దొరకవు.

ఇక జాగ్రత్తలు. దీనికి విరుగుడు మందు లేదు. పిల్లలు కొరికారో మింగారో మనకు తెలియదు కనుక, బాగానే ఉన్నారు కదా అని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, గింజ కూడా వెంట పట్టుకుని. బెజ్జాలు పెట్టిన గురివింద దండల్ని ఇంకా పిల్లల చేతులకు కట్టేవాళ్లకు ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. వామనగుంటలకు చింతగింజలకేం తక్కువ?