మూడు కాపీలు ఉన్నా ఫోటోలు మాయం! డిలీట్ బటన్ దగ్గరికి వెళ్లేముందు ఈ 6 చెక్‌లు చేయండి

ఒకే ఫైల్‌ని మూడు కంప్యూటర్లలో మూడు కాపీలుగా దాచుకునే సిస్టమ్ పెట్టుకున్నారు. ఇంక టెన్షన్ లేదనుకున్నారు. తీరా పొద్దున్నే ఫోల్డర్ తెరిస్తే నిన్న రాత్రి కాపీ చేసిన ఫోటోలు లేవు! మూడు చోట్ల ఉన్నవి ఒకేసారి ఎలా పోతాయి?

చాలాసార్లు అవి పోవు. ఎక్కడో ఒక చోట ఉంటాయి, మనకు కనిపించవంతే. అసలు నష్టం ఆ తర్వాతి పది నిమిషాల్లో, కంగారులో మనం కొట్టే కమాండ్ల వల్ల జరుగుతుంది. అందుకే ఈ ఆర్టికల్‌లో ఏం చేయాలో చూద్దాం, దాంతో పాటు ఏం చేయకూడదో కూడా.

అర్థం కావడానికి ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పల్నాడు జిల్లా బొల్లాపల్లిలో ఒక ఫోటో స్టూడియో. షాపులో రెండు సెకండ్ హ్యాండ్ పీసీలు, వెనకాలే ఉన్న ఇంట్లో ఇంకొకటి. మూడింటినీ ల్యాన్ కేబుల్‌తో కలిపి, ఉచితంగా దొరికే గ్లస్టర్‌ఎఫ్‌ఎస్ వేసి, ప్రతి ఫోటో మూడు పీసీల్లోనూ ఉండేలా సెట్ చేశారు. రాత్రి కరెంటు పోయింది, తెల్లవారుజామున వచ్చింది. పొద్దున చూస్తే పెళ్లి ఫోల్డర్ ఖాళీ. పార్టీ వాళ్లు ఆల్బమ్ కోసం సాయంత్రం వస్తారు. పెళ్లి మళ్లీ చేయించలేం కదా!

అసలు ఈ గ్లస్టర్ ఏంటి?

గ్నూ, క్లస్టర్ అనే రెండు మాటలు కలిపితే వచ్చిన పేరు ఇది. ఆనంద్ బాబు పెరియసామి సహ వ్యవస్థాపకుడిగా ఉన్న గ్లస్టర్ కంపెనీకి హెడ్ ఆఫీస్ కాలిఫోర్నియాలో ఉంటే, ఇంజినీరింగ్ సెంటర్ మాత్రం మన పక్కనే బెంగళూరులో ఉండేది. 2011లో రెడ్ హ్యాట్ దాన్ని సుమారు 13.6 కోట్ల డాలర్లకు కొనేసింది. రెడ్ హ్యాట్ అమ్మిన గ్లస్టర్ స్టోరేజ్ ప్రొడక్ట్‌కి సపోర్ట్ 2024 డిసెంబర్ 31తో ముగిసింది. ఓపెన్ సోర్స్ కోడ్ మాత్రం అందరికీ అందుబాటులోనే ఉంది.

ఇందులో మూడు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒక్కో పీసీలో ఫైళ్లు నిజంగా ఉండే ఫోల్డర్‌ని బ్రిక్ అంటారు. బ్రిక్‌లన్నీ కలిస్తే వాల్యూమ్. ఆ వాల్యూమ్‌ని మనం తెరిచి వాడుకునే ఫోల్డర్‌ని మౌంట్ అంటారు. కిరాణా షాపుతో పోల్చుకోండి. మౌంట్ అంటే కౌంటర్, బ్రిక్ అంటే వెనకాల గోడౌన్. సరుకు వచ్చినా పోయినా కౌంటర్ మీదుగానే జరగాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

ముందు చేతులు కట్టుకోండి

మొదటి రూల్: ఏదీ డిలీట్ చేయొద్దు, ఫార్మాట్ చేయొద్దు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయొద్దు.

2023 నవంబర్‌లో గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్ వాడే కొందరికి నెలల తరబడి దాచుకున్న ఫైళ్లు కనిపించకుండా పోయాయి. అప్పుడు గూగుల్ ఇచ్చిన మొదటి సలహా ఏంటో తెలుసా? యాప్‌లో అకౌంట్ డిస్‌కనెక్ట్ చేయొద్దు, యాప్ డేటా ఫోల్డర్‌ని డిలీట్ చేయొద్దు, కదిలించొద్దు అని. క్లౌడ్‌కి చేరని కాపీ ఆ ఫోల్డర్‌లోనే మిగిలి ఉండొచ్చు కాబట్టి.

దీనికి రివర్స్‌లో జరిగింది గిట్‌ల్యాబ్ కథ. 2017 జనవరి 31న డేటాబేస్ రెప్లికేషన్ రిపేర్ చేస్తూ ఒక ఇంజినీర్ రెండో సర్వర్ అనుకుని మెయిన్ సర్వర్‌లో డేటా ఫోల్డర్‌ని డిలీట్ చేసేశారు. తప్పు గమనించి ఆపేలోపే సుమారు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్‌లు చూస్తే అసలు తయారే కావడం లేదు. అదృష్టం బాగుండి ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ దొరికింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయినట్టే.

కాబట్టి ఇక్కడి నుంచి ఒక్కో చెక్ నిదానంగా చేద్దాం. కమాండ్ల పేర్లు తెలుగులో రాస్తున్నా, టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్‌లోనే.

1. మీరు చూస్తున్నది అసలు మౌంటేనా?

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. కరెంటు వచ్చాక పీసీ ఆన్ అయింది కానీ, అప్పటికి నెట్‌వర్క్ రెడీ కాలేదు. మౌంట్ ఫెయిల్ అయింది. మీరు తెరిచింది వాల్యూమ్‌ని కాదు, అదే పేరుతో ఆ పీసీలో ఉన్న మామూలు ఖాళీ ఫోల్డర్‌ని.

డీఎఫ్ కమాండ్ కొట్టి చూడండి. ఆ ఫోల్డర్ ఎదురుగా సర్వర్ పేరు, వాల్యూమ్ పేరు రావాలి. లోకల్ డిస్క్ పేరు వస్తే మౌంట్ కాలేదన్నమాట. మౌంట్ చేయగానే ఫోటోలన్నీ ప్రత్యక్షమవుతాయి.

దీనికి రివర్స్ కేసు కూడా ఉంది. మౌంట్ లేని టైంలో ఆ ఖాళీ ఫోల్డర్‌లోకే ఎవరో ఫోటోలు కాపీ చేశారు. తర్వాత మౌంట్ అయింది. ఇప్పుడు ఆ ఫోటోలు మౌంట్ కింద కప్పడిపోయాయి! అన్‌మౌంట్ చేసి చూడండి, అడుగున కనిపిస్తాయి. వాటిని వేరే చోటికి తీసి, మౌంట్ చేశాక లోపలికి కాపీ చేయాలి.

మళ్లీ జరగకుండా ఒక టిప్: మౌంట్ కాని స్థితిలో ఆ ఖాళీ ఫోల్డర్‌కి చాటర్ ప్లస్ ఐ కమాండ్ వేసేయండి. ఇంక మౌంట్ లేనప్పుడు అందులోకి ఎవరు కాపీ చేయబోయినా ఎర్రర్ వస్తుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో అండర్‌స్కోర్ నెట్‌డెవ్ అనే ఆప్షన్ కూడా పెడితే, మౌంట్ చేసేముందు నెట్‌వర్క్ కోసం ఆగుతుంది.

2. మూడు పీసీలూ బతికే ఉన్నాయా?

గ్లస్టర్ పీర్ స్టేటస్, గ్లస్టర్ వాల్యూమ్ స్టేటస్ అనే రెండు కమాండ్లు కొట్టండి. ప్రతి బ్రిక్ ఎదురుగా ఆన్‌లైన్ అనే కాలమ్‌లో వై ఉందా, ఎన్ ఉందా చూడండి.

ఎన్ ఉంటే, ఆ పీసీలో ఫోటోల హార్డ్ డిస్క్ మౌంట్ అయిందో లేదో చూడాలి. డిస్క్ మౌంట్ కాకపోతే బ్రిక్ ఫోల్డర్ ఖాళీగా ఉంటుంది. అందులో వాల్యూమ్ ఐడీ ముద్ర కనిపించక గ్లస్టర్ ఆ బ్రిక్‌ని స్టార్ట్ చేయదు. ఇది బగ్ కాదు, మన మేలు కోసమే పెట్టిన తాళం. కొందరు ఆ ముద్రని ఖాళీ ఫోల్డర్‌కి చేత్తో తగిలించి స్టార్ట్ చేసేస్తుంటారు. అస్సలు వద్దు. ముందు డిస్క్‌ని మౌంట్ చేసి, తర్వాత వాల్యూమ్ స్టార్ట్ ఫోర్స్ అంటే ఆగిన బ్రిక్ మాత్రమే లేస్తుంది.

3. హీలింగ్ నడుస్తోందా?

రాత్రంతా ఇంటి పీసీ ఆఫ్‌లో ఉండి, షాపులో రెండూ పనిచేశాయనుకోండి. మూడింట రెండు ఉన్నాయి కాబట్టి ఫోటోలు బాగానే సేవ్ అయ్యాయి. పొద్దున ఇంటి పీసీ ఆన్ చేసి దాని బ్రిక్‌లోకి తొంగిచూస్తే కొత్త ఫోటోలు ఉండవు. కంగారు పడాల్సింది లేదు. మిగతా రెండూ దానికి ఇంకా కాపీ ఇస్తున్నాయంతే. దీన్నే సెల్ఫ్ హీల్ అంటారు.

గ్లస్టర్ వాల్యూమ్ హీల్ ఇన్ఫో కొడితే ఇంకా ఎన్ని ఫైళ్లు మిగిలాయో చెప్తుంది. మామూలుగా ప్రతి 10 నిమిషాలకోసారి ఇది దానంతటదే చెక్ చేసుకుంటుంది. కొంచెం ఆగి మళ్లీ కొట్టండి. నంబర్ తగ్గుతుంటే టీ తాగి రండి. అరగంటైనా కదలకపోతేనే తర్వాతి చెక్‌కి వెళ్లాలి.

4. గోడౌన్‌లో ఎవరైనా చెయ్యి పెట్టారా?

స్పేస్ చాలట్లేదని ఎవరో నేరుగా బ్రిక్‌లోకి వెళ్లి ఫైల్ డిలీట్ చేశారు. లేదా మౌంట్ ద్వారా కాకుండా బ్రిక్‌లోనే ఫోటోలు పేస్ట్ చేశారు. కౌంటర్‌కి తెలియకుండా గోడౌన్‌లో బస్తాలు మార్చినట్టే ఇది.

గ్లస్టర్ ప్రతి ఫైల్‌కి జీఎఫ్‌ఐడీ అనే 128 బిట్ల నంబర్ ఇస్తుంది. బ్రిక్ లోపల డాట్ గ్లస్టర్‌ఎఫ్‌ఎస్ అనే దాచిన ఫోల్డర్‌లో ఆ నంబర్ పేరుతో ఒక హార్డ్ లింక్ ఉంటుంది. హార్డ్ లింక్ అంటే ఇంకో కాపీ కాదు, అదే డేటాకి రెండో పేరు. అందుకే బ్రిక్‌లో నేరుగా డిలీట్ చేసినా, ఆ రెండో పేరు ఉన్నంతకాలం డేటా డిస్క్‌లోనే ఉంటుంది! "ఈ దాచిన ఫోల్డర్ ఎందుకు, చాలా జీబీలు తింటోంది" అని దాన్ని కూడా తీసేసేవాళ్లున్నారు. నిజానికి అది వేరే స్పేస్ తీసుకోవట్లేదు. దాన్ని ముట్టుకోవద్దు.

ఒక్క బ్రిక్‌లోనే డిలీట్ అయితే మిగతా రెండింట్లో ఫైల్ ఉన్నట్టే. మౌంట్ నుంచి ఆ ఫైల్‌ని పేరుతో తెరవండి, లేదా వాల్యూమ్ హీల్ ఫుల్ నడపండి. లోటు తెలుసుకుని పూడ్చుకుంటుంది.

5. స్ప్లిట్ బ్రెయిన్ వచ్చిందా?

ఇది కాస్త కష్టమైన కేసు. రెండే పీసీలతో రెండు కాపీలు పెట్టుకుంటే ఎక్కువగా వస్తుంది. మధ్యలో కేబుల్ ఊడింది. షాపులో ఒకరు ఒక ఫైల్‌ని ఎడిట్ చేశారు, ఇంట్లో ఇంకొకరు అదే ఫైల్‌ని వేరేలా ఎడిట్ చేశారు. కేబుల్ మళ్లీ పెట్టాక ఎవరిది కరెక్ట్? సిస్టమ్‌కి తెలియదు. అందుకే ఫైల్ తెరిస్తే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ ఇస్తుంది.

పెద్ద కంపెనీలకూ ఈ తిప్పలు తప్పలేదు. 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్ నెట్‌వర్క్ లింక్ కేవలం 43 సెకన్లు తెగింది. ఆ కాస్తలోనే అమెరికా తూర్పు, పడమర తీరాల్లోని డేటాబేస్‌లు రెండింట్లోనూ, ఒకదాన్లో లేని మార్పులు ఇంకోదాన్లో పడ్డాయి. సర్దుబాటు చేసి మామూలు స్థితికి రావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. సైట్ త్వరగా లేపడం కంటే యూజర్ల డేటా ముఖ్యమని వాళ్లు కావాలనే నిదానంగా వెళ్లారు.

హీల్ ఇన్ఫో స్ప్లిట్ బ్రెయిన్ కమాండ్‌తో లిస్ట్ వస్తుంది. తర్వాత మూడు దారులున్నాయి: చివరిగా మారిన కాపీని ఉంచడం, పెద్ద సైజు కాపీని ఉంచడం, ఫలానా బ్రిక్‌ని నమ్మడం. ఏది ఎంచుకున్నా రెండో కాపీ పోతుంది. కాబట్టి ముందే రెండు వెర్షన్లనీ ఒక పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.

ఇంకో జాగ్రత్త. పాత పీసీల్లో సీమాస్ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ డేట్ ఎప్పుడో వెనక్కి వెళ్లిపోతుంది. అలాంటి పీసీ ఉంటే "చివరిగా మారింది" అనే లెక్కని నమ్మలేం. ముందు గడియారాలు సరిచూడండి.

పర్మనెంట్ పరిష్కారం మూడో పీసీ, దాంతో పాటు కోరం సెట్టింగ్. మూడింట రెండు ఒప్పుకుంటేనే రాయనిస్తుంది. మూడో పీసీకి పెద్ద డిస్క్ లేకపోతే ఆర్బిటర్‌గా పెట్టొచ్చు. అది ఫైల్ పేర్లు, వివరాలే దాచుకుంటుంది, లోపలి డేటా దాచుకోదు. తగువు తీర్చే పెద్దమనిషి లాంటిదన్నమాట.

6. కొన్ని ఫైళ్లే మాయమయ్యాయా?

ఆరు పీసీలతో మూడేసి చొప్పున రెండు సెట్లు పెట్టారనుకోండి. ఏ ఫైల్ ఏ సెట్‌కి వెళ్లాలో ఆ ఫైల్ పేరుని బట్టి హ్యాష్ లెక్క నిర్ణయిస్తుంది. ఒక సెట్ మొత్తం ఆఫ్ అయితే, ఒకే ఫోల్డర్‌లో కొన్ని ఫోటోలు ఉండి కొన్ని పోయినట్టు కనిపిస్తాయి. ఇలా చెల్లాచెదురుగా మాయమైతే ముందు ఆ సెట్‌ని ఆన్ చేయండి.

హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో అయితే?

బిగ్ డేటా నేర్చుకుంటున్న ఇంజినీరింగ్ స్టూడెంట్స్ కోసం ఇది. హడూప్ ఫైల్ సిస్టమ్‌లో కూడా డిఫాల్ట్‌గా మూడు కాపీలే. ఎఫ్‌ఎస్‌సీకే రిపోర్ట్‌లో అండర్ రెప్లికేటెడ్ అంటే కాపీలు తగ్గాయి, డేటా ఉంది. మిస్సింగ్ అంటే ప్రస్తుతం బతికున్న నోడ్‌లలో ఒక్క కాపీ కూడా దొరకలేదని. ఆగిపోయిన నోడ్‌ని లేపితే తిరిగి రావొచ్చు. అదే కమాండ్‌కి డిలీట్ అనే ఆప్షన్ ఉంది. రిపోర్ట్ క్లీన్‌గా కనిపించాలని దాన్ని వాడితే ఇంక వెనక్కి రావడం ఉండదు.

చివరగా: రెప్లికా వేరు, బ్యాకప్ వేరు

మౌంట్‌లో మీరే డిలీట్ కొడితే మూడు కాపీలూ ఒకేసారి పోతాయి. సిస్టమ్ తన పని కరెక్ట్‌గా చేసినట్టే! మీ ఫోన్‌లో కూడా ఇదే సూత్రం. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోని యాప్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. ట్రాష్‌లో 60 రోజులు మాత్రమే ఉంటుంది.

అందుకే ఫోటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 రూల్ పాటించండి. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, ఒకటి వేరే చోట. మన స్టూడియో విషయంలో మూడు పీసీలూ ఒకే ఇంటి కరెంటు లైన్ మీద ఉన్నాయి. ఒక్క పిడుగు చాలు. వారానికోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ తీసి, వినుకొండలో చుట్టాలింట్లో పెట్టినా సరే, అదే అసలైన బ్యాకప్. నెలకోసారి ఆ డిస్క్ నుంచి ఒక ఫోటో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే, గిట్‌ల్యాబ్‌కి ఆ రోజు తెలిసొచ్చింది ఇదే.

ఇంతకీ మన స్టూడియో ఫోటోలు ఎక్కడున్నాయి? మొదటి చెక్‌లోనే దొరికాయి. మౌంట్ కాలేదంతే. అదే కంగారులో వాల్యూమ్ డిలీట్ చేసి కొత్తగా పెట్టుంటే సాయంత్రం వచ్చే పెళ్లివాళ్లకి ఏం చెప్పేవాళ్లు? అందుకే ముందు చూడండి, తర్వాత కాపీ తీయండి, ఆ తర్వాతే రిపేర్.