గీత టాంపా మీద, ఉప్పెన ఫోర్ట్ మయర్స్‌లో: హరికేన్ అపోహలు – వాస్తవాలు

2022 సెప్టెంబరు ఆఖరి వారం. ఫ్లోరిడాలోని టాంపాలో ఉండే మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అన్నయ్యా, గీత సరిగ్గా మా అపార్ట్‌మెంటు మీద నుంచే పోతోంది" అన్నాడు. గీత అంటే హరికేన్ ఇయన్ రాబోయే దారి. విజయవాడలో కూర్చుని నేనూ అదే మ్యాపు రోజుకు పదిసార్లు తెరుస్తున్నాను. తుపాన్ల పిచ్చి పట్టినవాళ్లకు ఇది మామూలే. మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రం ఆరు గంటలకోసారి ఇచ్చే బులెటిన్ కోసం, ఆఖరి ఓవర్లో స్కోరు చూసినట్టు చూస్తుంటాం. చివరికి ఇయన్ 28వ తేదీ మధ్యాహ్నం 3.05కి, అంటే మనకు అర్ధరాత్రి దాటాక 12.35కి, టాంపాకు దాదాపు 140 కి.మీ. దక్షిణాన కేయో కోస్టా అనే చిన్న దీవి దగ్గర తీరం దాటింది. టాంపా బయటపడింది. ఆ దీవికి దగ్గర్లోని ఫోర్ట్ మయర్స్ బీచ్ మునిగింది. నాలాంటి వాళ్ల బుర్రల్లో ఉన్న అపోహలు చాలావరకు ఆ వారంలోనే తేలిపోయాయి.

అపోహ: గీత ఎక్కడుంటే తుపాను అక్కడే. గీత చుట్టూ వేసే శంకువు బయట ఉన్నవాళ్లకు భయం లేదు.

వాస్తవం: ఆ తెల్ల శంకువు తుపాను సైజు చెప్పదు. ఎవరికి నష్టం జరుగుతుందో అసలే చెప్పదు. గడిచిన ఐదేళ్లలో అంచనాలు ఎంత తప్పాయో లెక్కగట్టి, ఇన్ని గంటల తర్వాత కేంద్రం ఈ వృత్తంలో ఉండొచ్చని ఒక్కో గడువుకు ఒక్కో వృత్తం గీస్తారు. వాటిని కలిపితే శంకువు. 2022లో మూడు రోజుల గడువు వృత్తానికి వ్యాసార్థం సుమారు 185 కి.మీ. ఆ సీజనంతా ప్రతి తుపానుకూ అదే కొలత. అది కూడా మూడింట రెండు సార్లే కేంద్రాన్ని పట్టుకునేలా వేసిన లెక్క. మిగతా ఒక వంతు కేంద్రమే బయటికి జారిపోవచ్చు. ఇక గాలి, వాన, ఉప్పెన వందల కిలోమీటర్లు పరుచుకునేవి. అవి శంకువు అంచు చూసి ఆగవు. టాంపా నుంచి కేయో కోస్టాకు ఉన్న 140 కి.మీ. ఆ వృత్తంలో ఇమిడిపోయే దూరమే. అయినా మా కళ్లన్నీ నడిమి గీత మీదే. ఫోర్ట్ మయర్స్ ఉన్న లీ కౌంటీలో ఖాళీ చేయమన్న ఆదేశం తీరం దాటడానికి ముందు రోజు ఉదయం గానీ రాలేదు.

అపోహ: ఎక్కువ కంప్యూటర్ మోడళ్లు ఎటు చూపిస్తే తుపాను అటే వస్తుంది.

వాస్తవం: ఒక్కో మోడల్‌కు ఒకటి చొప్పున పది పదిహేను రంగుల గీతలు కలిసి మ్యాపు మీద ఒలికిన సేమ్యాలా ఉంటాయి. అమెరికన్లు దాన్ని స్పగెటీ అంటారు. అందులో ప్రతి పోగూ అంచనా అనుకుంటే పొరపాటే. ఎక్స్‌ట్రాప్ అని ఒక గీత ఉంటుంది. తుపాను ఇప్పుడు పోతున్న దిక్కునే, అదే వేగంతో నేరుగా పొడిగించిన గీత. స్కేలు పెట్టి మనమూ గీయొచ్చు. ఇంకొకటి పాత తుపాన్ల సగటు అలవాటును బట్టి వేసేది, ఈ రోజు గాలులతో దానికి సంబంధమే లేదు. వీటినీ ఓట్లుగా లెక్కపెట్టి "మెజారిటీ టాంపాకే" అని నేను ఒకరికి చెప్పాను కూడా. చెప్పకుండా ఉండాల్సింది.

అపోహ: తుపానులోకి పంపే విమానం కొలిచిన వేగమే హరికేన్ వేగం.

వాస్తవం: విమానం మేఘాల గోడను చీల్చుకుని లోపలికి వెళ్తుంటే తెర మీద అంకెలు మారుతుంటాయి. అదో మత్తు. పెద్ద అంకె కనబడగానే "కేటగిరీ 5!" అని కేకలు. కానీ ఆ విమానం ఎగిరేది సాధారణంగా 3 కి.మీ. ఎత్తులో. నేల దగ్గర గాలి అందులో దాదాపు 90 శాతమే ఉంటుందని లెక్క. అందుకే గొట్టంలాంటి చిన్న పరికరాన్ని పారాచూట్ కట్టి కిందికి వదులుతారు. అది సముద్రంలో పడేదాకా గాలినీ పీడనాన్నీ పంపుతూనే ఉంటుంది. నమ్మాల్సిన అంకె అక్కడి నుంచి వస్తుంది.

అపోహ: కేటగిరీ తెలిస్తే ప్రమాదమెంతో తెలిసినట్టే.

వాస్తవం: అన్నిటికన్నా మొండి అపోహ ఇదే. దీనికి కేయో కోస్టాను మించిన సాక్షి లేదు. 2004 ఆగస్టు 13న హరికేన్ చార్లీ కూడా టాంపాకు వస్తుందన్నారు. అదీ కుడివైపు తిరిగి అదే దీవి దగ్గర తీరం దాటింది. వేగం గంటకు 240 కి.మీ., కేటగిరీ 4. పద్దెనిమిదేళ్ల తర్వాత ఇయన్‌కూ అదే దీవి, అదే వేగం, అదే కేటగిరీ. ఉప్పెన మాత్రం చార్లీకి సుమారు 2 మీటర్లు. ఇయన్‌కు ఫోర్ట్ మయర్స్ బీచ్‌లో నేల మీద 3 నుంచి 4.5 మీటర్ల నీరు. చార్లీ చిన్నది, గబగబా వెళ్లిపోయింది. ఇయన్ గాలులు చాలా దూరం పరుచుకుని సముద్రాన్ని గంటల తరబడి తీరం మీదికి తోశాయి. చార్లీని చూసినవాళ్లు "అదే వచ్చింది, ఏమైంది?" అనుకుని ఉండిపోతే తప్పుపట్టలేం. ఇయన్ ఉప్పెనలోనే 40 మందికి పైగా పోయారు. ఇంజనీరు సాఫిర్, వాతావరణ శాస్త్రవేత్త సింప్సన్ తయారుచేసిన ఈ కేటగిరీల కొలతలో 2010 నుంచి గాలి వేగం ఒక్కటే లెక్క. ఉప్పెన, పీడనం తీసేశారు. 2005లో కత్రినా తీరం దాటేటప్పటికి కేటగిరీ 3కి దిగింది. మిసిసిపీ తీరంలో ఉప్పెన 8 మీటర్లు దాటింది.

అపోహ: తీరం దాటితే గండం గడిచినట్టే.

వాస్తవం: 2017 ఆగస్టు 25న హార్వీ టెక్సాస్‌లోని రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటి, బలహీనపడి, అక్కడక్కడే తచ్చాడింది. హ్యూస్టన్ మునిగింది ఆ తర్వాతి రోజుల్లో. నెదర్లాండ్ అనే ఊళ్లో 1,500 మి.మీ. పైగా వాన పడింది. మన తెలుగువాళ్లు హ్యూస్టన్‌లో బోలెడుమంది కాబట్టి ఈ ముక్క చాలా ఇళ్లలో తెలిసిందే.

అపోహ: టాంపాకు రక్ష ఉంది. సముద్రం వెనక్కి పోయిందంటే ముప్పు తప్పినట్టే.

వాస్తవం: అక్కడి ఆదివాసుల మట్టిదిబ్బలు ఊరిని కాపాడతాయని టాంపాలో ఒక నమ్మకం. 1921 అక్టోబరు 25న పెద్ద హరికేన్ పక్కనే టార్పన్ స్ప్రింగ్స్‌ను తాకినప్పుడు, 3 మీటర్లకు పైగా ఉప్పెన ఆ దిబ్బల్ని అడిగి రాలేదు. 2024లో హెలీన్ కేంద్రం 100 కి.మీ.కు పైగా దూరాన సముద్రం మీదుగానే పోయింది. అయినా టాంపా అఖాతంలో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి.

ఇయన్ రోజున మా తమ్ముడు ఒక ఫొటో పంపాడు. అఖాతం అంచున నీళ్లు లేవు. బురద, నాచు, ఆ బురదలో చెప్పులు చేతపట్టుకుని తిరిగే జనం. "సముద్రాన్ని ఎవరో ఎత్తుకుపోయారు అన్నయ్యా" అని రాశాడు. ఎత్తుకుపోయింది గాలే. మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతాయి. ఆ తీరంలో, తుపాను పోయే దిక్కుకు చూస్తే, కేంద్రానికి ఎడమపక్క గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తే, కుడిపక్క సముద్రం మీద నుంచి ఊళ్ల మీదికి వీస్తుంది. టాంపా ఎడమన పడింది, ఫోర్ట్ మయర్స్ బీచ్ కుడిన. అయినా ఆ బురదలోకి నడవకూడదు. గాలి దిక్కు మారిందంటే పోయిన నీళ్లు తిరిగొస్తాయి. ఆ ముక్కే వాడికి ఫోన్లో గట్టిగా చెప్పాను.

వాడు పెట్టేశాక మన మ్యాపు గుర్తొచ్చింది. 1977 నవంబరు 19 తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. 5 మీటర్ల ఉప్పెన వచ్చింది అక్కడికి దాదాపు 60 కి.మీ. కుడిపక్కన, దివిసీమ మీదికి.