పాత బిళ్లకు లచ్చలొస్తయా? ముందుగాల గివి జూడుర్రి

మొన్న మా ఊరి తమ్ముడొకడు ఫోన్ జేసిండు. "అన్నా, వైష్ణోదేవి బొమ్మున్న 5 రూపాయల బిళ్ల దొరికింది, 10 లచ్చలు ఇస్తరట" అన్నడు. రిజిస్ట్రేషన్ అని అప్పటికే 1,500 కట్టిండు. తెల్లారి జీఎస్టీ పేరు జెప్పి ఇంకో 6 వేలు గుంజిర్రు. గవి పంపినంక ఆ నంబర్ బంద్ అయింది. వాళ్లమ్మ పత్తి ఏరిన కూలి పైసలవి.

తమ్ముల్లారా, ఒక్క మాట మనసుల పెట్టుకోర్రి. కొనేటోడు పైసలిస్తడు, అడగడు. పాత నోట్లు, బిళ్లలు కొంటమని మా పేరు వాడి చార్జీలు, కమీషన్, ట్యాక్స్ అడుగుతుర్రు, నమ్మొద్దని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులనే జెప్పింది. వైష్ణోదేవి బిళ్ల సర్కారు చలామణికి ఇడిసిందే. కిరాణా కొట్టుల చిల్లరల గూడ దొరుకుతది. దానికి లచ్చలెవరిస్తరు?

మరి ఏ బిళ్లకు విలువుంటది? మూడు సంగతులు జూడాలె: ఎన్ని మిగిలినయ్, ఎంత మంచిగున్నది, కావాలనేటోళ్లు ఎందరున్నరు. పాతదైనంత మాత్రాన సరిపోదు. 1862 అని ఉన్న విక్టోరియా వెండి రూపాయినే తీసుకోర్రి. ఆ ఏడు మార్చకుండనే 1874 దాక కొట్టిర్రు. గందుకే ఇప్పటికీ బాగనే దొరుకుతది. 1939 నాటి ఆరో జార్జి రూపాయి దానికన్న 77 ఏండ్లు చిన్నది, కని చాన అరుదు. దాని రేటే వేరు. గందుకే దానికి నకిలీలు గూడ తయారైనయ్.

ఏడు సదివేటప్పుడు పైలం. మన తాతల కాలం హాలి సిక్క మీద చార్మినార్ బొమ్మ ఉంటది, అంకెలు ఉర్దూల ఉంటయ్. 1330 అని కనవడితే ఏడు వందల ఏండ్లదని ఎగురొద్దు. గది హిజ్రీ లెక్క, మన లెక్కల 1912 దరిదాపుల.

స్వతంత్రం వచ్చినంక కొట్టిన బిళ్లలైతే ఏడు కింద జూడుర్రి. చిన్న చుక్క గుర్తుంటే హైదరాబాద్ టంకశాలది. వజ్రం గుర్తుంటే ముంబై, గుండ్రటి బొట్టుంటే నోయిడా, ఏం లేకుంటే కోల్‌కతా. ఒకే ఏడు బిళ్ల ఒక టంకశాలల ఎక్కువ, ఇంకోదాంట్ల తక్కువ కొట్టి ఉండొచ్చు. రేటు తేడా అక్కడ్నే వస్తది.

వెండిదా కాదా ఇంట్లనే కొంత తెలుస్తది. అయస్కాంతం పెట్టుర్రి, అతుక్కుంటే వెండి కాదు. 1947 నాటి పులి బొమ్మ రూపాయి నికెల్‌ది, అతుక్కుంటది. అతుక్కోకుంటే బంగారం దుకాణంల తూకం ఏయించుర్రి. విక్టోరియా రూపాయి 11.66 గ్రాములు, హాలి రూపాయి సుమారు 11 గ్రాములు. అరిగితే కొంచెం తగ్గుతది. మస్తు తేడా వస్తే అనుమానించాలె.

చింతపండు ఏసి తోమొద్దు. గుడిల ఇత్తడి చెంబు కాదది. తోమిన బిళ్లకు సేకరించేటోళ్ల కాడ రేటు పడిపోతది.

రాముడి బొమ్మ, ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అని ఉండే బిళ్లలు అసలు నాణేలే కావు. బియ్యాన్ని గుంజే బిళ్ల అంటె రైస్ పుల్లింగ్ మోసం.

ఇగ చెలకల దున్నుతుంటె కుండల బిళ్లలు దొరికితే? 1878 నాటి చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టర్‌కు తెలుపాలె. దాసిపెడితే కేసైతది.

నిజంగ అమ్మాలనుకుంటె ఇద్దరు ముగ్గురు నాణేల వ్యాపారులకు సూపియ్యుర్రి. వీడియోల జెప్పిన రేటు కాదు, వేలంల నిజంగ అమ్ముడైన రేటు ఎంతో అడుగుర్రి. ఊర్ల పొంటి తిరిగేటోడు "గిది చెల్లది, వంద ఇస్త" అంటె గూడ ఇయ్యొద్దు. అసలైన వెండి రూపాయికి ఏమీ లేకున్న వెండి ధరన్న ఉంటది. ఇప్పటికే పైసలు పోయినోళ్లు సిగ్గుపడకుండ వెంటనే 1930కి ఫోన్ జెయ్యుర్రి.

అవ్వ కొంగుల ముడేసి దాసిన బిళ్లకు లచ్చలు రాకపోవచ్చు. కని దాన్ని జూపి మన ఇంట్ల ఉన్న పైసలు ఎవడూ గుంజకుండ జూసుకునుడు మన చేతులనే ఉన్నది.